పొత్తికడుపు నొప్పి - వంటాముదం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతపు చల్క నేలలకు ఆముదం చిరకాలపు పంట. గింజలను వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన నూనెను తీస్తే అది వంటాముదం. దీపానికీ, తలకూ, బండి ఇరుసుకూ వాడగా మిగిలినది ఇంటి మందు. కడుపు నొచ్చినదనగానే పెద్దల చేయి ముందుగా ఆ సీసా మీదికే పోయేది. ఆయుర్వేదంలోనూ ఏరండతైలం పేరుపొందిన విరేచనౌషధమే. మలబద్ధం వల్ల వచ్చిన నొప్పికి అది తగిన మందు. చిక్కంతా, పొత్తికడుపులోను, పురీషనాళంలోను పుట్టే నొప్పికి కారణం ఒక్కటి కాకపోవడంలో ఉన్నది.

కంటికి కనిపించే, చేతికి తగిలే వ్యాధులను ప్రాచీనులు చక్కగానే వేరుచేశారు. మొలలు, భగందరం, మూత్రాశయంలోని రాళ్ళు సుశ్రుతునికి బాగుగా తెలుసు. మాటిమాటికి ముక్కుతూ జిగట విసర్జించే వ్యాధికి ప్రవాహిక అని పేరు. ఈ జిగట విరేచనాలు ఒక వ్యాధి కాదు, కనీసం రెండు అని తేలడానికి సూక్ష్మదర్శిని రావలసివచ్చింది. 1875లో రష్యాలో లోష్ ఒక రోగి మలంలో అమీబాను చూశాడు. 1897లో జపానులో షిగా మరొక రకానికి కారణమైన బాక్టీరియాను కనుగొన్నాడు.

వీటికంటె మోసకరమైనది ఉండుకం. పెద్దప్రేగు మొదట వ్రేలాడే చిన్న తోక ఇది. 1735లో లండనులో ఆమ్యాండ్ అనే శస్త్రవైద్యుడు 11 ఏళ్ళ బాలునికి హెర్నియా కోస్తూ, గుండుసూది గుచ్చుకొని ఉన్న ఉండుకాన్ని తొలగించాడు. అయినా నూటయాభై ఏళ్ళ వరకు వైద్యులు నేరాన్ని ఎక్కువగా దాని ప్రక్కనున్న ప్రేగుమీదనే మోపారు! 1886లో బోస్టనులో ఫిట్జ్, అసలు మూలం ఉండుకమేననీ, త్వరగా కోసి తీయాలనీ నిరూపించాడు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకం ఈ వ్యాధి వల్లనే వాయిదా పడింది.

కొందరిలో ఈ తోక కటికుహరంలోకి దిగి పురీషనాళానికి ఆనుకొని ఉంటుంది. అది వాచినప్పుడు నొప్పి పొత్తికడుపులో క్రిందుగా పుడుతుంది; మాటిమాటికి మలవిసర్జన కావలసినట్లుండి, కాస్త జిగట మాత్రమే పడుతుంది. చూచేవారికి అది జిగట విరేచనమే. అప్పుడు ఆముదం పట్టిస్తే? ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం ప్రేగు కండరాలను బలంగా ముడుచుకొనేట్లు చేస్తుంది. కండర కణాల మీద అది ఏ గ్రాహకాన్ని తాకుతుందో జర్మనీలోని శాస్త్రజ్ఞులు 2012లో గాని తేల్చలేదు. ఆ కుదుపుకు వాచిన ఉండుకం పగిలి, చీము ఉదరమంతా వ్యాపించవచ్చు. పగిలిన తరువాత నొప్పి కొంతసేపు తగ్గినట్లుంటుంది. మందు పనిచేసిందని ఇంటివారు ఊరట చెందే సమయం సరిగ్గా అదే. అందుకే కారణం తేలని కడుపునొప్పికి విరేచనకారులు ఇవ్వరాదని వైద్యులంటారు. స్త్రీలలో గర్భం గర్భాశయం వెలుపల నిలిచి పగిలినా ఇట్టి నొప్పే వస్తుంది. అక్కడ జాప్యం మరింత ప్రమాదకరం.

1888, 1889లలో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యాన క్లోరోఫాం మీద రెండు కమిషన్లు పనిచేశాయి. మత్తుమందు పరీక్షలు రాజధానిలో జరిగినా, కడుపు కోసే వైద్యం గద్వాల, వనపర్తి సంస్థానాల పల్లెలకు దూరమే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ వారికి వానకాలంలో నది దాటడమే ఒక ప్రయాణం. వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలో ప్రభుత్వ వైద్యకళాశాలలు 2022లో వెలిశాయి, గద్వాలలో 2024లో. నాగర్‌కర్నూల్ చెంతనున్న పాలెం పరిశోధనా కేంద్రం నేటికీ ఆముదంలో మేలురకాలను రూపొందిస్తున్నది. ఆ పంట ఇప్పుడు అధికభాగం పోయేది కందెనలు, రంగులు చేసే పరిశ్రమలకు.