బస్తర్ కాఫీ నుంచి ఇంటి ఎస్ప్రెసో దాకా: గింజలు, గ్రైండర్ ఎంచుకునే పద్ధతి

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గాన్ని 1960లలో ఇనుప ఖనిజం కోసం వేశారు. బైలదిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడమే దాని పని. ఇవాళ అదే మార్గంలో మూడు కాఫీ ప్రాంతాలు వరుసగా వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో అరకు, ఒడిశాలో కొరాపుట్, ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్. అరకు పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. మూడింటిలో అందరికన్నా చిన్నది బస్తరే.

ఇళ్లలో ఎస్ప్రెసో యంత్రాలు పెట్టుకునేవారు పెరగడంతో ఇలాంటి కొత్త ప్రాంతాల గింజలకూ గిరాకీ వస్తోంది. అయితే గింజ ఎంత మంచిదైనా, పొడి సరిగా పట్టకపోతే ఎస్ప్రెసో పుల్లగానో చేదుగానో దిగుతుంది. అప్పుడు తప్పు గ్రైండర్‌ది, నింద గింజది. ఒకసారి నిరాశపడిన కొనుగోలుదారు మళ్లీ ఆ పేరు వైపు చూడడు. కాఫీ మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. గిరాకీ పడిపోయిందని మరుసటి ఏడాది పంట మార్చుకునే వీలు రైతుకు ఉండదు. అందుకే గింజను, గ్రైండర్‌ను కలిపి చూడాలి.

బస్తర్‌లో కాఫీ ఎలా వచ్చింది

బస్తర్‌లో కాఫీ సాగు ప్రయోగం 2017లో దర్భ ప్రాంతంలో 20 ఎకరాల్లో మొదలైంది. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం కింద పనిచేసే జగదల్‌పూర్ వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం దీనికి పూనుకుంది. ఆ కళాశాలకు 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటు నాయకుడు గుండాధూర్ పేరు పెట్టారు. నాటిన మొక్కల నుంచి 2021లో పంట చేతికొచ్చింది. అదే ‘బస్తర్ కాఫీ’ పేరుతో జగదల్‌పూర్‌లో అమ్మకానికి వచ్చింది. తర్వాత సాగు దిల్‌మిలీ వంటి గ్రామాలకు విస్తరించింది. దిల్‌మిలీ కూడా కిరండూల్ మార్గంలోని ఒక స్టేషనే.

దర్భ పేరు దేశమంతటికీ తెలిసింది మాత్రం వేరే కారణంతో. 2013 మే 25న దర్భ లోయలో కాంగ్రెస్ నేతల వాహన శ్రేణిపై మావోయిస్టులు దాడి చేశారు. ఆ పేరు వినగానే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది అదే. అలాంటి చోట ఆదివాసీ రైతులు, మహిళా స్వయం సహాయక బృందాలు పండించే పంటకు సొంత పేరు రావడం చిన్న విషయం కాదు.

ఎత్తు ఏం చెబుతుంది

కాఫీ గింజ గురించి మొదట అడగాల్సిన ప్రశ్న ఎత్తు. మన దేశంలో అరబికాను సాధారణంగా 1,000 నుంచి 1,500 మీటర్ల ఎత్తులో, రొబస్టాను 500 నుంచి 1,000 మీటర్ల మధ్య పండిస్తారు. అరకు లోయ తోటలు చాలావరకు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తులో ఉంటాయి. జగదల్‌పూర్ ఎత్తు సుమారు 550 మీటర్లు. దర్భ, కాంగేర్ లోయ వైపు కొండలు అంతకన్నా కాస్త ఎత్తు. అంటే లెక్క ప్రకారం బస్తర్ రొబస్టా పరిధిలోకి వస్తుంది. అయినా అక్కడ అరబికా కూడా పండించారు.

ఎత్తు తక్కువైతే వేడి ఎక్కువ. పండు త్వరగా పక్వానికి వస్తుంది, గింజ గట్టిదనం తగ్గుతుంది, పులుపు గుణం కూడా తగ్గుతుంది. ఎస్ప్రెసోకు ఇది పూర్తిగా లోపం కాదు. ఎస్ప్రెసో రుచుల్ని పిండి చిక్కగా ఇస్తుంది కాబట్టి, ఎత్తైన తోటల గింజల్ని లేతగా వేయిస్తే వాటి పులుపు చాలామందికి మరీ ఎక్కువ అనిపిస్తుంది. పులుపు తక్కువున్న గింజను మధ్యస్థంగా వేయిస్తే పాలతోనూ, పాలు లేకుండానూ తాగడానికి అనువుగా ఉంటుంది. గ్రైండర్ మీద భారం కూడా తక్కువ.

రకాలు, పాకెట్ మీది మాటలు

బస్తర్ ప్రయోగాల్లో శాన్ రామన్, చంద్రగిరి, సెలక్షన్ 9 వంటి అరబికా రకాలు వాడారు. సి×ఆర్ అనే రొబస్టా సంకరాన్నీ నాటారు. చంద్రగిరి 2007లో రైతులకు విడుదలైన రకం. ఆకు తుప్పు తెగులును తట్టుకుంటుంది. సి×ఆర్ అంటే కాంజెన్సిస్, రొబస్టాల సంకరం. మామూలు రొబస్టా కన్నా మృదువుగా ఉంటుందని పేరు.

అరబికాతో పోలిస్తే రొబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు. ఎస్ప్రెసో మీద తేలే గోధుమ రంగు నురుగు, అంటే క్రీమా, రొబస్టాతో మందంగా వస్తుంది. ఇటలీలో ఎస్ప్రెసో మిశ్రమాల్లో రొబస్టా కలపడానికి ఇదొక కారణం. పాలతో తాగే ఇళ్లలో 20 నుంచి 30 శాతం రొబస్టా కలిసిన మిశ్రమం చక్కగా నప్పుతుంది. పాలు లేకుండా తాగేవారు పూర్తి అరబికాతో మొదలుపెట్టడం మేలు.

పాకెట్ మీద చూడాల్సినవి ఇవి:

- వేయించిన తేదీ. ‘గడువు తేదీ’ ఒక్కటే ఉంటే సరిపోదు. వేయించిన గింజల నుంచి కార్బన్ డయాక్సైడ్ కొన్ని రోజులు వెలువడుతూనే ఉంటుంది. ఎస్ప్రెసోకు వారం నుంచి రెండు వారాలు ఆగి వాడితే నీళ్లు పొడిలోంచి నిలకడగా దిగుతాయి. నెల, నెలన్నర దాటితే వాసన, క్రీమా తగ్గుతాయి.
- శుద్ధి పద్ధతి. పండు తొక్క తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెట్టినవి ‘వాష్డ్’. మన వ్యాపార భాషలో అరబికాకు ‘ప్లాంటేషన్’, రొబస్టాకు ‘పార్చ్‌మెంట్’ అంటారు. పండును పండుగానే ఎండబెట్టినవి ‘నేచురల్’. వ్యాపార భాషలో ‘చెర్రీ’. మొదటివి శుభ్రమైన రుచినిస్తాయి. రెండోవి తీపి, పండు వాసనలతో బరువుగా ఉంటాయి.
- సైజు గ్రేడ్. ఏఏ, ఏ, బీ అనేవి గింజ సైజును చెబుతాయి, రుచిని కాదు. పీబీ అంటే పీబెర్రీ. పండులో రెండు గింజలకు బదులు ఒకటే గుండ్రంగా పెరిగినది.
- చికోరీ. కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, శాతాల్ని పాకెట్ మీద ముద్రించాలని ఆహార భద్రతా నిబంధన. ఫిల్టర్ డికాషన్‌కు చికోరీ చిక్కదనం ఇస్తుంది. ఎస్ప్రెసో యంత్రంలో మాత్రం అది తడిసి జిగటగా మారి నీటిని అడ్డుకుంటుంది. ఎస్ప్రెసోకు చికోరీ లేని కాఫీయే కొనాలి.
- ఊరు, ఉత్పత్తిదారు పేరు. 2019లో కూర్గ్, వయనాడ్, చిక్కమగళూరు, అరకు లోయ, బాబాబుడన్‌గిరి కాఫీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అయిదింటిలో బస్తర్ లేదు. కాబట్టి ‘బస్తర్’ అనే ఒక్క మాటను నమ్ముకోకుండా గ్రామం, రకం, శుద్ధి పద్ధతి, ఉత్పత్తి బృందం వివరాలున్న పాకెట్‌ను ఎంచుకోవాలి. అవి లేకుంటే అమ్మేవారిని అడగాలి.

మిక్సీ ఎందుకు పనికిరాదు

ఎస్ప్రెసోలో సుమారు 9 బార్ల పీడనంతో, 90 నుంచి 96 డిగ్రీల వేడి నీళ్లు గట్టిగా నొక్కిన పొడిలోంచి అర నిమిషం లోపు దిగాలి. ఆ నీటిని నిలువరించేది పొడి మెత్తదనమే. మిక్సీ, బ్లేడు గ్రైండర్ గింజల్ని నరుకుతాయి. ఫలితంగా పిండి, రవ్వ, నూక కలగలిసి వస్తాయి. నీళ్లు నూక ఉన్నచోట నుంచి జారిపోతాయి, పిండి ఉన్నచోట ఆగిపోతాయి. ఒకే కప్పులో పులుపు, చేదు రెండూ తేలతాయి.

బర్ గ్రైండర్ పనితీరు తిరగలిది. రెండు పళ్ల చక్రాల మధ్య ఎడమే పొడి ఎంత మెత్తగా రావాలో నిర్ణయిస్తుంది. ఆ ఎడాన్ని ఎంత సన్నగా మార్చగలం, మార్చాక అది కదలకుండా నిలుస్తుందా అన్నవే ఎస్ప్రెసో గ్రైండర్‌కు అసలు పరీక్షలు.

గ్రైండర్ ఎంపిక

*మెట్ల మధ్య దూరం.* ఫిల్టర్ కాఫీకి సరిపోయే చాలా గ్రైండర్లు ఎస్ప్రెసోకు చాలవు. ఒక మెట్టు దగ్గర షాట్ 18 సెకన్లలో దిగి, పక్క మెట్టుకు తిప్పితే 45 సెకన్లు పడుతుంది. మధ్యలో కావాల్సిన చోటు దొరకదు. చేతి గ్రైండర్లలో వన్‌జెడ్‌ప్రెస్సో జె-అల్ట్రా ఒక్కో క్లిక్‌కు 8 మైక్రాన్లు, కింగ్రైండర్ కె6 16 మైక్రాన్లు కదులుతాయి. కొనేముందు ఈ అంకె తప్పక చూడాలి. విద్యుత్ గ్రైండర్లలో మెట్లు లేకుండా తిరిగే డయల్ ఉన్నవి నయం.

*చేతిదా, కరెంటుదా.* ఒకే ధరలో చేతి గ్రైండర్‌లో మెరుగైన బర్లు దొరుకుతాయి. మోటారు ఖర్చు ఉండదు కదా. 18 గ్రాముల పొడికి ఒకటి రెండు నిమిషాలు తిప్పాలి. రోజుకు ఒకటి రెండు కప్పులైతే సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో ఉదయం పూట నాలుగు కప్పులంటే విద్యుత్ గ్రైండరే దారి. లేతగా వేయించిన గింజలు గట్టిగా ఉండి చేతికి శ్రమనిస్తాయి. మధ్యస్థంగా వేయించినవి సులువుగా నలుగుతాయి.

*శంకువా, బల్లపరుపా.* శంకు ఆకారపు బర్లు పాలతో తాగే చిక్కని ఎస్ప్రెసోకు అనువు. బల్లపరుపు బర్లు రుచుల్ని విడివిడిగా చూపిస్తాయంటారు. తొలి గ్రైండర్ కొనేవారికి ఆకారం కన్నా బర్ల అమరిక వంకర లేకుండా ఉండటమే ముఖ్యం.

*లోపల మిగిలే పొడి.* కొన్ని గ్రైండర్లలో ఒకటి రెండు గ్రాముల పాత పొడి లోపలే ఉండిపోయి మరుసటి కప్పులో కలుస్తుంది. కావాల్సినంతే తూచి వేసుకునే రకాల్లో ఈ బెడద తక్కువ.

*యంత్రంలోని బాస్కెట్.* చౌక ఎస్ప్రెసో యంత్రాల్లో చాలావాటికి రెండు పొరల బాస్కెట్ వస్తుంది. ఒకే చిన్న రంధ్రం ద్వారా పీడనం పుట్టిస్తుంది కాబట్టి పొడి ఎలా ఉన్నా నురుగు కనిపిస్తుంది. మంచి గ్రైండర్ కొన్నాక ఒంటి పొర బాస్కెట్‌కు మారితేనే ఆ ఖర్చుకు ఫలితం. డబ్బు పరిమితంగా ఉంటే ముందు గ్రైండర్ మీద, తర్వాత యంత్రం మీద పెట్టడం మంచిది. మంచి గ్రైండర్ ఫిల్టర్‌కూ, మోకా పాట్‌కూ పనికొస్తుంది. అయితే డికాషన్‌కు కాస్త బరకగా, ఎస్ప్రెసోకు మెత్తగా రోజూ మార్చాల్సిన ఇంట్లో అంకెలు స్పష్టంగా ఉన్న డయల్ అవసరం.

కొత్త పాకెట్‌తో మొదటి రోజు

18 గ్రాముల పొడి, కప్పులో 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. ఇది ఆరంభ సూత్రం. అర గ్రాము తేడా చూపే చిన్న కాటా చాలదు, 0.1 గ్రాము దాకా చూపేది కావాలి. షాట్ 15 సెకన్లలోనే దిగి పుల్లగా ఉంటే పొడి ఇంకా మెత్తగా పట్టాలి. 45 సెకన్లు పట్టి చేదుగా, నాలుక పట్టేసినట్టు ఉంటే కొంచెం బరక చేయాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. తూకం, మెత్తదనం కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

250 గ్రాముల పాకెట్ 18 గ్రాముల లెక్కన 13 షాట్లకు వస్తుంది. వాటిలో మూడు నాలుగు సర్దుబాటుకే పోతాయి. అందువల్ల ఒకేసారి వేయించిన రెండు పాకెట్లు కొనడం లాభం. వానాకాలం గాలిలో తేమ పెరిగితే నిన్నటి అమరికే ఇవాళ వేరేలా దిగొచ్చు. అది గ్రైండర్ పాడైనట్టు కాదు, డయల్‌ను కాస్త తిప్పితే సరిపోతుంది.

గింజల్ని గాలి చొరని డబ్బాలో, ఎండ తగలని చోట ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తే తేమ పడుతుంది. ఎక్కువ కాలం దాచాలంటే చిన్న చిన్న పొట్లాలుగా గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తీశాక మామూలు వేడికి వచ్చేదాకా ఆగి విప్పాలి. గ్రైండర్‌ను బ్రష్‌తో శుభ్రం చేయాలి, బర్లను నీళ్లతో కడగకూడదు. మిరియాలు, ధనియాలు అందులో వేస్తే ఆ వాసన నెలల తరబడి పోదు.

ఎవరికి ఏది

పాలతో రోజుకు ఒకటి రెండు కప్పులు తాగేవారికి మధ్యస్థంగా వేయించిన బస్తర్ లేదా అరకు అరబికా, కొద్దిగా రొబస్టా, సన్నని క్లిక్‌లున్న చేతి గ్రైండర్ చాలు. పాలు లేకుండా తాగేవారు పూర్తి అరబికాలో వాష్డ్ రకంతో మొదలుపెట్టి, తర్వాత నేచురల్ రకం రుచి చూడవచ్చు. ఇంటిల్లిపాదికీ కాఫీ కావాల్సిన చోట మెట్లు లేని డయల్ ఉన్న విద్యుత్ గ్రైండర్ తీసుకోవాలి.

బస్తర్ గింజను తొలిసారి కొనేవారు ఒక్క కప్పుతో తీర్పు చెప్పకుండా, అమరిక కుదిరాక నాలుగైదు కప్పులు తాగి చూడాలి. అప్పటికీ నచ్చకపోతే ఆ అభిప్రాయం గింజ గురించినదే అవుతుంది. పండించేవారికి పనికొచ్చేదీ ఆ అభిప్రాయమే.