విరిగిన విషం, దిగిన విషం



శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' సాలీడని మనకు తెలిసినదే. సంస్కృతంలో దానిని లూత అంటారు. సుశ్రుతుడు కల్పస్థానంలో 16 విధాల లూతలను పేర్కొని, వాటిలో ఎనిమిదింటి విషం అసాధ్యమన్నాడు. ఆయన ఎరుగని ఒక సాలీటి విషయంలో ఈ 'అసాధ్యం' అన్న మాటను చెరిపివేసిన చరిత్ర ఆస్ట్రేలియాలో ఉన్నది. మన భాషలోని రెండు మాటల మధ్య భేదాన్ని కూడా అది నాకు స్పష్టం చేసింది.

సిడ్నీ పరిసరాలలో ఫనెల్‌వెబ్ అనే నల్లని సాలీడు నేలలో గరాటు వంటి గూడు కట్టుకొని నివసిస్తుంది. ఈ జాతిలో ఆడదానికంటె మగదాని విషమే తీవ్రమైనది. జతను వెదుకుతూ తిరిగి ఇళ్లలో ప్రవేశించేదీ అదే. దాని విషం నాడులలోని సోడియం ద్వారాలను సరిగా మూతపడనీయదు. నాడులు విరామం లేకుండా సంకేతాలు పంపుతాయి. చెమట, చొంగ, కండరాల అదురు, పిమ్మట ఊపిరితిత్తులలో నీరు. 1927లో ఒక రెండేళ్ల బాలుడు దీని కాటుకు బలి అయ్యాడు. అది మొదలు 1981లో విరుగుడు వచ్చేలోగా నమోదైన మరణాలు 13. వారిలో పసివారున్నారు.

విరుగుడు కనుగొనడం దుష్కరమయింది. కుక్క, పిల్లి, కుందేలు ఈ విషానికి అంతగా చలించవు. మనిషి, కోతి మాత్రం తాళలేవు. మామూలు ప్రయోగ జంతువులలో విష తీవ్రతే సరిగా కనబడకపోతే మందును పరీక్షించేదెట్లా? మెల్‌బోర్న్‌లోని కామన్వెల్త్ సీరం లేబొరేటరీస్‌లో స్ట్రువాన్ సదర్లాండ్ బృందం ఆ కుందేలునే ఆశ్రయించింది. మగ సాలీటి విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించగా దాని రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టాయి. 1981లో ఆ మందు తొలిసారి ఒక రోగిని కాపాడింది. అటుపిమ్మట ఈ కాటుతో మరణం నమోదు కాలేదు.

ఆ దేశంలోనే రెడ్‌బ్యాక్ అని మరొక సాలీడు ఉన్నది. దాని కాటు ప్రాణం తీయడం బహు అరుదు గాని, నొప్పి దుర్భరం. 1956లో సాల్ వీనర్ గుర్రపు రక్తం నుండి దానికి విరుగుడు తయారుచేశాడు. దశాబ్దాలపాటు వైద్యులు దానిని నమ్మారు. 2014లో 224 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. అందరికీ నొప్పి మందులిచ్చి, సగం మందికి మాత్రం విరుగుడు కూడా ఇచ్చారు. రెండు గంటలకు నొప్పి గణనీయంగా తగ్గినవారు విరుగుడు పొందినవారిలో నూటికి 34, పొందనివారిలో 23. ఆ తేడా యాదృచ్ఛికం కాదని గణితం నిర్ధారించలేకపోయింది. గుర్రపు సీరంతో అలర్జీ ముప్పు సరేసరి.

విషం 'విరిగింది' అంటాం, 'దిగింది' అనీ అంటాం. విరగాలంటే విరిచినది ఒకటుండాలి. దిగడానికి కాలం చాలు. ఫనెల్‌వెబ్ విషయంలో మందు విషాన్ని విరిచిందనడానికి ఆగిపోయిన మరణాలే సాక్ష్యం. రెడ్‌బ్యాక్ నొప్పి కాలక్రమాన తానే దిగుతుంది గనుక, ఆ కీర్తి సూదికి దక్కి ఉండవచ్చు.

మంత్రం వేయగానే తేలు విషం దిగిందని చెప్పేవారిని మన ఊళ్లలో చూశాం. వారిని నవ్వి ఊరుకోవడం సులభం. ఆ ప్రశ్ననే ప్రయోగశాల నుండి వచ్చిన సీసాకు కూడా వేసి, వచ్చిన జవాబును దాచకుండా ప్రకటించడం కష్టం. సదర్లాండ్ సాధించిన విజయాన్ని ఎంత గౌరవిస్తానో, 2014 నాటి ఆ నిజాయితీని అంతే గౌరవిస్తాను.