రాజమహేంద్రవర చరిత్రమునకు పత్రసాక్ష్యములు



2015వ సంవత్సరమున ప్రభుత్వమువారు మన పట్టణమునకు రాజమహేంద్రవరమను పూర్వనామమును మరల స్థిరపఱచిరి. పేరు తిరిగి వచ్చినది, సంతోషము. కాని యా పేరెవరివలన వచ్చినదని యడిగినచో మనలో పెక్కండ్రు రాజరాజనరేంద్రుని పేరును, సారంగధరుని కథను చెప్పి యూరకుందురు. కథ వేఱు, చరిత్రము వేఱు. చరిత్రమునకు సాక్ష్యము కావలయును. ఆ సాక్ష్యము ముఖ్యముగా మూడుచోట్ల నున్నది: శాసనములయందు, దొరతనమువారి లేఖలయందు, మన యిండ్ల యటుకలమీద. మూడవదానిని గూర్చి విన్నవించుటయే నా ముఖ్యోద్దేశము. అయినను మొదటి రెంటిని తెలిసికొననిదే దాని విలువ తెలియదు.

వేంగీచాళుక్యుల తామ్రశాసనములు లేకున్నచో మన సీమకు కాలనిర్ణయమే లేదు. కుబ్జవిష్ణువర్ధనుడు 18 సంవత్సరములు పాలించెనని మొదలుపెట్టి, యే రాజెన్ని యేండ్లు రాజ్యము చేసెనో యవి వరుసగా లెక్క చెప్పుచున్నవి. కోరుమిల్లి శాసనమువలన రాజరాజనరేంద్రుని పట్టాభిషేకము శకవర్షము 944, అనగా క్రీ.శ. 1022 ఆగస్టు 16వ తేదీ గురువారమున జరిగినట్లు తేలినది. ఆ లెక్కనుబట్టియే 1922లో, తొమ్మిదివందల యేండ్లు నిండిన సందర్భమున, ఆంధ్రేతిహాస పరిశోధక మండలివారు పట్టాభిషేక సంచికను వెలువరించిరి. నందంపూడి శాసనము ఆ రాజు రాజ్యమునకు వచ్చిన 32వ యేట, 1053లో, చంద్రగ్రహణ పుణ్యకాలమున వెలసినది. నారాయణభట్టున కగ్రహారమిచ్చిన యా శాసనమునకు శ్లోకకర్త నన్నయభట్టు. గ్రామమున్న విషయము పేరు రెండేఱులనడుమ. నేటి కోనసీమ కింతకంటె చక్కని పేరు దొరకదు.

ఇక పట్టణనామము సంగతి. రాజమహేంద్ర బిరుదము రాజరాజునకు సుమారు నూఱేండ్లు ముందే, 922 మొదలు 929 వఱకు పాలించిన మొదటి అమ్మరాజునకు కలదు. 945లో రాజ్యమునకు వచ్చిన రెండవ అమ్మరాజు సయితము దానిని ధరించెను. కావుననే పట్టణమునకా పేరు అమ్మరాజులలో నొకనివలన వచ్చినదని పండితులనేకులు తలంచుచున్నారు. సారంగధరుడన్న కుమారుని పేరు రాజరాజు వంశశాసనములలో కానరాదు. చోళచక్రవర్తి రాజేంద్రుని కూతురగు అమ్మంగదేవియందు రాజరాజునకు కలిగినవాడు, 1070లో చోళసింహాసన మెక్కి కులోత్తుంగుడని ప్రసిద్ధి కెక్కినవాడు. నాటకములు చూచి కన్నీరు కార్చుట తప్పుకాదు. ఆ కన్నీటిని ప్రమాణముగా గైకొనుట తప్పు.

అట్లని శాసనమందలి ప్రతిమాటయు వేదవాక్యముగా గ్రహింపరాదు. కోరుమిల్లి శాసనము వంశమును విష్ణునాభికమలమునుండి యారంభించి, అయోధ్యలో 59 చక్రవర్తులను లెక్కించును. అది ప్రశస్తి. దానార్ణవుని తరువాత వేంగీభూమి 27 సంవత్సరము లనాయకముగా నుండెనని కూడ చెప్పును. నిజమునకు, 973 మొదలు 999 వఱకుగల యా కాలమున జటాచోడభీముడు రాజ్యమేలినట్లు ఇతర శాసనములవలన తెలియవచ్చినది. గెలిచినవాడు ఓడినవాని పేరును వ్రాయింపలేదు. ఒక్కరేకు నమ్మి తీర్పు చెప్పరాదనుటకు వేఱు నిదర్శన మేల? తేదీలను, ఎల్లలను, సాక్షుల పేళ్లను ఒక కంటను, పొగడ్తలను వేఱొక కంటను చూడవలయును.

శాసనములు రాజులకును బ్రాహ్మణులకును మాత్రమే సంబంధించినవని భావించువారు టేకి శాసనమును చూడవలయును. కులోత్తుంగుని కుమారుడు రాజరాజచోడగంగు, తెలికి కుటుంబములవారు వివాహోత్సవములలో గుఱ్ఱమెక్కి వీథులలో నూరేగవచ్చుననియు, రాజపాదములకడ వస్త్రయుగ్మ ముంచి మ్రొక్కినప్పుడు వారికి బంగారుపాత్రలో తాంబూల మీయవలయుననియు దానిలో శాసించెను. రాజమహేంద్రవరపు పెద్దమసీదునందలి పారసీక శాసనము 1324వ సంవత్సరపుది. 1323లో ఓరుగల్లు పడిన మఱుసటి యేడే ఢిల్లీ యధికార మిచట నెలకొన్నదని దానివలన తెలియుచున్నది. ఈ పట్టణచరిత్రము ఏ యొక్క కులమువారి సొత్తును కాదు, ఏ యొక్క మతమువారి సొత్తును కాదు.

తరువాతి సాక్ష్యము కాగితములది. 1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానా, 1766 నవంబరు 12న నిజాముతో కుదిరిన సంధిపత్రము: ఈ రెండు కాగితములతో ఉత్తరసర్కారులు కుంఫిణీవారి వశమైనవి. 1794లో కలెక్టర్ల యేర్పాటు జరిగినది మొదలు ఉత్తరప్రత్యుత్తరములు బోర్డునకును జిల్లాకును నడుమ నెడతెగక నడచినవి. వానిలో శిరోరత్నము 1844లో హెన్రీ మాంట్‌గొమరీ రాజమండ్రి జిల్లాస్థితిని గూర్చి పంపిన నివేదిక. చెఱువులు, కాలువలు పాడగుట, శిస్తు తగ్గుట, ప్రజలు క్షీణించుట యందు వివరింపబడినవి. ఆ వ్రాతయు, కాటన్ దొరగారి నివేదికలును ఫలించి 1847లో ధవళేశ్వరపు ఆనకట్ట ప్రారంభమై 1852లో పూర్తియయ్యెను. నేడు మనము తిను అన్నపుమెతుకు వెనుక నొక యుత్తరమున్నదనుట యతిశయోక్తి కాదు.

అయితే దొరల లేఖలలో పల్లెపేరు శిస్తులెక్కగా కనబడునుగాని పల్లెవాని మాట వినబడదు. ఆ మాట మన యిండ్లలోనే యున్నది. కరణీకము మన కుటుంబములకు పలుతరముల వృత్తి. 1984 జనవరిలో గ్రామాధికారుల యుద్యోగములు రద్దగునప్పటికి పెక్కిండ్లలో కవిలెకట్టలు, ఈనాము సన్నదులు, ఎల్లల తగవుల రాజీపత్రములు, అర్జీల నకళ్లు మిగిలియుండెను. నాటినుండి కొన్ని చెదలపాలైనవి, కొన్ని తూనికకు పోయినవి, కొన్ని పుణ్యమని గోదావరిలో కలిసినవి. భూమితగవులు మరల పుట్టునని కొందఱు దాచుచున్నారు. తాత గొప్పతనమున కవి లోటు తెచ్చునేమోయని మఱికొందఱు వెఱచుచున్నారు. తన వంశమున 27 ఏండ్ల విరామము కలిగినదని రాజే రాగిరేకుపై చెక్కించుకొన్నాడు. మన తాత శిస్తుబాకీ పడినాడన్న మాట బయటపడిన మనకు వచ్చు కొఱత యేమి?

కావున నా మనవి నాలుగు మాటలలో ముగింతును. కట్ట విప్పినచో ఆకుల వరుస మార్చవలదు. ఏ యింట, ఏ గ్రామమున దొరికినదో వ్రాసియుంచుడు. రాగిరేకులు దొరికినచో వరాహముద్రగల యుంగరమును త్రుంపవలదు. భూమిలో దొరికినదానిని కలెక్టరుగారికి తెలుపుట విధి. పత్రమును మీయొద్దనే యుంచుకొనదలచిన నుంచుకొనుడు, దాని ఛాయాచిత్రము మాత్రము పదిమందికి చేరనిండు. ఉంచుకొనలేనివారు రాజమహేంద్రవరమునగల రాళ్లబండి సుబ్బారావు మ్యూజియమువారితో నాలోచింపుడు.

ప్రతిసంచికయందును మన వంశప్రశస్తులు ప్రకటించుకొనుచున్నాము. వచ్చు వార్షికసభ నాటికి ఒక్కొక్క గ్రామమునుండి ఒక్కొక్క కవిలెకట్టల జాబితా తెప్పించి ప్రకటింపుడని పోషకమహాశయులను, కార్యనిర్వాహకులను ప్రార్థించుచున్నాను. ప్రశస్తి మనలను మాత్రమే సంతోషపెట్టును. జాబితా మన వెనుకటివారికిని ముందటివారికిని ఋణము తీర్చును.