మారథాన్ దారిలో ఎండ, నీరు
మారథాన్ పరుగు 1896లో ఒలింపిక్ క్రీడల్లో చేరినప్పటి నుంచి నిర్వాహకులకు ఎండతో తంటా తప్పలేదు. అయితే తొలి డెబ్బై ఏళ్లలో పరుగువీరులను ఎండ ఎంత కుంగదీసిందో, నీటి గురించి శిక్షకులు పెట్టుకున్న నమ్మకాలూ అంతే కుంగదీశాయి. పరుగు మధ్యలో నీళ్లు తాగితే కడుపు బరువెక్కి కాలు సాగదని, దాహాన్ని ఓర్చుకోవడం కూడా సాధనలో భాగమేనని అప్పట్లో చాలామంది అనుకునేవారు.

ఈ నమ్మకం 1904 ఆగస్టు 30న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పరాకాష్ఠకు చేరింది. దాదాపు 40 కిలోమీటర్ల పరుగును మధ్యాహ్నం మూడు గంటలకు, 32 డిగ్రీల సెల్సియస్ వేడిలో, గుట్టలెక్కి దిగే మట్టిరోడ్ల మీద మొదలుపెట్టారు. పైగా నీరు అందకపోతే దేహం ఎలా పనిచేస్తుందో చూడదలచిన నిర్వాహకుడు జేమ్స్ సలివన్, దారి మొత్తంలో ఒకటి రెండు చోట్ల తప్ప నీరు దొరక్కుండా చేశాడు. వెంట నడిచిన వాహనాలు లేపిన దుమ్మును మింగి మింగి విలియం గార్సియా అనే పోటీదారు లోపల రక్తస్రావమై రోడ్డు పక్కన పడిపోయాడు. విజేత థామస్ హిక్స్ పరిస్థితి కూడా అంతకన్నా మెరుగ్గా లేదు: నీళ్లు కావాలని అతడు బతిమాలితే సహాయకులు నోటిని తడి స్పాంజితో తుడిచి ఊరుకున్నారు, ఆపైన, ముష్టిగింజల నుంచి తీసే స్ట్రిక్నిన్ అనే విషాన్ని, ఆనాటి వైద్యులు నరాలకు ఉత్తేజకంగా వాడే మోతాదులో, అంటే సుమారు ఒక మిల్లీగ్రాము, కోడిగుడ్డు తెల్లసొనతో కలిపి మింగించి, తర్వాత బ్రాందీ పట్టించారు. బయలుదేరిన 32 మందిలో 14 మందే గమ్యం చేరిన ఆ పోటీలో హిక్స్‌కు 3 గంటల 28 నిమిషాల 53 సెకన్లు పట్టింది. ఒలింపిక్ మారథాన్ విజేతల్లో ఇంత నెమ్మదిగా పరుగెత్తినవారు మరొకరు లేరు.

1912లో స్టాక్‌హోమ్ ఎండకు పోర్చుగల్ యువకుడు ఫ్రాన్సిస్కో లాజరో దారిలో కూలి మర్నాడు మరణించాడు. ఎండ తగలకుండా అతడు ఒంటికి మైనమో కొవ్వో పట్టించుకున్నాడని చెబుతారు. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది కనుక, ఆ పూత నిజమైతే రక్షణ పేరుతో ఉన్న ఒక్క దారినీ మూసేసినట్టే. ఇంత జరిగినా నిబంధనలు కదలలేదు. 1950ల్లో సైతం అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య, పరుగు మొదలైన 15 కిలోమీటర్ల దాకా పానీయాలు అందించనిచ్చేది కాదు. 1954లో వాంకూవర్‌లో, వెనకవాళ్లకన్నా పావుగంటకు పైగా ముందుండి స్టేడియంలో అడుగుపెట్టిన ఇంగ్లాండ్ వీరుడు జిమ్ పీటర్స్, పడుతూ లేస్తూ కొంతదూరం సాగి, గమ్యం కనుచూపు మేరలో ఉండగానే కుప్పకూలాడు.

మార్పు గనుల వైపు నుంచి వచ్చింది. దక్షిణాఫ్రికా గనికార్మికులపై వేడి ప్రభావాన్ని పరిశీలించిన విండమ్, స్ట్రైడమ్ అనే శాస్త్రజ్ఞులు, పరుగులో నీరు చాలకపోతే కలిగే ప్రమాదాన్ని 1969లో ప్రకటించారు. ఆంక్షలు సడలాయి, కానీ నమ్మకం రెండో కొసకు దూకింది: తాగగలిగినంత తాగమన్న సలహా పాటించినవారిలో కొందరికి రక్తంలో సోడియం పలచబడే హైపోనాట్రీమియా మొదలైంది. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందిలో ఈ స్థితి కనిపించింది.

ఎండ తీవ్రతను కొలిచే పద్ధతి సైనిక శిబిరాల్లో పుట్టింది. వడదెబ్బకు నూతన సైనికులు బలవుతుండడంతో అమెరికాలో 1950ల్లో రూపొందించిన ‘వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్’ సూచీలో, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుకు పదింట ఏడు వంతులు, నల్లటి గోళంలోని దానికి రెండు, మామూలు దానికి ఒక్క వంతే ప్రాధాన్యం ఉంటుంది; అంటే గాలిలోని తేమే ఇందులో ప్రధానం. అందుకే 2019లో దోహా నగరంలో మహిళల మారథాన్‌ను రాత్రి 11 గంటల 59 నిమిషాలకు మొదలుపెట్టినా, ఉక్కపోతకు 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. ఆ అనుభవంతో టోక్యో ఒలింపిక్ మారథాన్‌ను ఉత్తరాన 800 కిలోమీటర్ల దూరంలోని సపోరోకు తరలించారు; అక్కడా వేడి తగ్గకపోవడంతో మహిళల పరుగును ముందురోజు రాత్రి నిర్ణయం తీసుకుని ఏడు గంటల నుంచి ఆరు గంటలకు జరిపారు.