వాహన ఇన్వర్టరు

వాహన ఇన్వర్టరు అనగా బ్యాటరీ ఇచ్చు 12 లేదా 24 వోల్టుల ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చు పరికరము.

600 వాట్ల భారమునకు 230 వోల్టుల వద్ద 3 ఆంపియర్ల లోపు కరెంటు చాలును. 12 వోల్టుల వద్ద కనీసము 50 ఆంపియర్లు కావలెను. ఇంత కరెంటుకు సన్నని తీగ వేడెక్కి కాలిపోవును. కావున బ్యాటరీ నుండి ఇన్వర్టరు వరకు లావుపాటి రాగి తీగను వీలైనంత పొట్టిగా వేయవలెను.

తీగ సామర్థ్యమునకు మించని ఫ్యూజును బ్యాటరీ ధన ధ్రువమునకు అతి దగ్గరగా అమర్చవలెను. ఫ్యూజు ఇన్వర్టరు వద్ద మాత్రమే ఉన్నచో, మధ్యలో తీగ ఒరిసి వాహనపు ఇనుమును తాకినపుడు మంటలను ఆపునది ఏదియు ఉండదు.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటును. అందువలన ఇన్వర్టరును ఇంజనుకు దూరముగా, గాలి ఆడు చోట బిగించవలెను.