లెక్క అంటే లెక్క కాదు

ఆగస్టు 29 దగ్గరపడిందంటే ఆదివారం సంచికలన్నిటికీ తెలుగు గుర్తొస్తుంది. 1863లో ఆ రోజున గిడుగు రామమూర్తి పంతులు పుట్టారు మరి. నాకు మాత్రం మా అవ్వ గుర్తొస్తుంది. కదిరి సంతకు బయల్దేరుతూ "లెక్క ఏమన్నా ఉందా నాయనా?" అంది ఒకసారి. బడిలో చేరిన కొత్త. నేను పలక తెచ్చి చూపించాను. ఆమె అడిగింది డబ్బు.

లెక్క, ఎర్రగడ్డలు, కసువు, ఎచ్చులు, ఊరిబిండి. ఇవేవీ వాచకంలో లేవు. అవ్వ నుంచి అమ్మకు, అమ్మ నుంచి మాకు, ఇత్తడి చెంబుల్లాగే వచ్చాయి. ఎప్పటివి అంటే చెప్పడం కష్టం. ఎరికల్ ముతురాజు కలమళ్లలో తెలుగు శాసనం వేయించింది సుమారు 575లో. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడి విజయనగర రాజులు పెనుకొండ చేరారు. నడుమ వెయ్యేళ్లు. రాళ్ల మీద దానాలు, బిరుదులు బోలెడు. అవ్వల మాటలు అరుదు. దూకేద్దాం.

దూకితే 1820లో పడతాం. ఇరవై రెండేళ్లు నిండని చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో కొలువుకు చేరాడు. అప్పటికి మన కదిరి కూడా కడప సీమదే; అనంతపురం జిల్లాలో కలిసింది 1910లో. దొరల్ని తమవాళ్లుగా చేసుకోవడం ఇక్కడి నోళ్లకు కొత్త కాదు. అంతకుముందు దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోను 'మన్రోలప్ప' చేసి, పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. దొరకైనా 'అప్ప' తగిలించందే ఊరుకోని యాస ఇది!

బ్రౌన్‌ను అది ఇంకో రకంగా పట్టుకుంది. కడపలో బంగళా కొన్నాడు. పండితుల్ని కూర్చోబెట్టి, తన జేబులోంచి జీతాలిచ్చి తాటాకు గ్రంథాలకు నకళ్లు రాయించాడు. అప్పులూ చేశాడు. కదిరి దాపున కటారుపల్లిలో సమాధి ఉందని మనం మొక్కే వేమన పద్యాల్ని 1829లో అచ్చువేశాడు. 1852లో పెద్ద నిఘంటువు వచ్చింది. నాకు ముద్దొచ్చేది మాత్రం 1854 నాటి 'మిశ్రభాషా నిఘంటువు'. కచేరీల్లో, కోర్టుల్లో జనం నోట నలిగిన హిందూస్తానీ, ఇంగ్లీషు మాటలకు పెట్టిన పుస్తకం. మడి కట్టుకున్న భాషకు మైల మాటలవి. ఆ దొర వాటికీ పీట వేశాడు. బంగళా చోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది.

ఆ తర్వాత కథ చిక్కుబడింది. గిడుగు పోరాడిన వ్యావహారికం గెలిచింది, పత్రికల్లోకి వచ్చింది మాత్రం కృష్ణా, గోదావరి ఇళ్లలోది. మన యాసకు సినిమాలో వేటకొడవలి పట్టుకునే వేషం దక్కింది. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశాల్లో 1962లో సేద్యం మాటలు, 1971లో చేనేత మాటలు అచ్చయ్యాయి. అచ్చయితే బతుకుతాయా? బోరుబావి రాగానే కపిల పోయింది. ఎద్దులు, మోకు, బాన, అన్నీ దాని వెంటే నడిచాయి. ధర్మవరం మగ్గాల మీద ఇంకా కొన్ని ఆడుతున్నాయి. 2019లో బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి అకాడెమీ అవార్డు వస్తే మావాళ్లు మురిశారు. 2022లో మా కదిరికి జిల్లా పేరు మళ్లీ మారింది. కదిరి పరిశోధనా కేంద్రం కదిరి-6, కదిరి లేపాక్షి అంటూ వేరుశనగ రకాలు వదులుతూనే ఉంది. రైతు నోట అవన్నీ చెనిక్కాయలే.

మొన్న బెంగళూరు నుంచి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. "మామా, లెక్క వేసినా, చూసుకో" అన్నాడు. కాగితం కోసం కళ్లజోడు వెతుక్కున్నాను. ఫోన్‌పేలో ఐదు వందలు పడ్డాయి. పోయిన వారం పంపిన చెనిక్కాయలకట.