దారి ఎవరిది?

1890లలో బాల్టిమోర్ ఓరియోల్స్ బేస్‌బాల్ జట్టుకు మూడో బేస్ దగ్గర ఆడిన జాన్ మెక్‌గ్రాకు, పరిగెత్తేవాడి బెల్టు పట్టుకుని ఆపేస్తాడని పేరు. మైదానమంతటికీ చాలాసార్లు ఒక్కడే అంపైర్. బంతి వెంట చూపు పోతే వెనక ఏం జరిగినా చెల్లిపోయేది. 1952 నాటికి మామూలు మ్యాచ్‌లకూ నలుగురు అంపైర్లు వచ్చారు. చూసే కళ్లు పెరిగాయి. చూసినదాన్ని తప్పనాలా వద్దా అన్న చిక్కు మాత్రం తీరలేదు.

నియమం వినడానికి తేలికే. కొట్టిన బంతిని అందుకోబోయే ఫీల్డర్‌కే దారి. రన్నర్ అడ్డొస్తే ఇంటర్‌ఫియరెన్స్. చేతిలో బంతి లేకుండా, దాన్ని అందుకునే పనిలోనూ లేకుండా ఫీల్డర్ అడ్డుపడితే అబ్‌స్ట్రక్షన్.

1975 అక్టోబరు 14న సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్. పదో ఇన్నింగ్స్, స్కోరు 5-5. రెడ్స్ ఆటగాడు ఎడ్ ఆర్మ్‌బ్రిస్టర్ బంట్ చేస్తే (బ్యాటును మెల్లగా తాకిస్తే) బంతి హోమ్ ప్లేటు ముందే నేలకు తగిలి పైకి లేచింది. అతను క్షణం తటపటాయించాడు. బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్ ముందుకు దూకి అతనికి తగిలాడు. విడిపించుకుని రెండో బేస్‌కు విసిరిన బంతి సెంటర్ ఫీల్డ్‌లోకి పోయింది. కావాలని అడ్డుపడలేదని అంపైర్ ల్యారీ బార్నెట్ ఆట సాగనిచ్చాడు. కాసేపటికే రెడ్స్ గెలిచింది. ప్లేటు దగ్గర క్యాచర్, బ్యాటర్ తగులుకుంటే సాధారణంగా తప్పు కాదని ఈనాటి నియమావళి వివరణ కూడా చెబుతుంది. అయినా ఫిస్క్ ఆవేదన నాకు న్యాయంగానే తోస్తుంది. విసురు చెడింది అతనిది, కావాలని చెడగొట్టినా అనుకోకుండా చెడినా నష్టం ఒక్కటే.

2013 అక్టోబరు 26న సెయింట్ లూయిస్‌లో మరో వరల్డ్ సిరీస్ మ్యాచ్‌లో అంపైర్ జిమ్ జాయిస్ ఆ ఉద్దేశం ప్రశ్నే ఎత్తలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడో బేస్‌కు వచ్చిన విసురు తప్పిపోయింది. దానికోసం దూకిన బోస్టన్ మూడో బేస్ ఫీల్డర్ విల్ మిడిల్‌బ్రూక్స్ నేల మీద బోర్లా పడి ఉన్నాడు. లేచి హోమ్ వైపు కదిలిన సెయింట్ లూయిస్ రన్నర్ అలెన్ క్రెయిగ్ అతని మీదుగా తూలిపడ్డాడు. ప్లేటు దగ్గర బంతి ముందే చేరినా, జాయిస్ అబ్‌స్ట్రక్షన్ ప్రకటించి ఉండడంతో పరుగు లెక్కకొచ్చింది. మ్యాచ్ 5-4తో ముగిసింది. వరల్డ్ సిరీస్ మ్యాచ్ అబ్‌స్ట్రక్షన్‌తో ముగియడం అదే మొదలు. పడి ఉన్నవాడు ఏం చేయగలడని బోస్టన్ అభిమానులు వాపోయారు. కానీ రన్నర్ దారి మూసుకుపోయింది, జాయిస్ తీర్పు సరైనదే.

గాయాల వల్ల నియమాలూ మారాయి. 2011లో హోమ్ ప్లేటు దగ్గర రన్నర్ ఢీకొని క్యాచర్ బస్టర్ పోసీ కాలు విరిగింది. 2014లో అక్కడి ఢీలకు కొత్త నియమం వచ్చింది. 2015లో రెండో బేస్ దగ్గర రన్నర్ చేజ్ అట్లీ స్లైడ్‌తో ఫీల్డర్ రూబెన్ తెహాదా కాలు విరిగాక, 2016లో రెండో బేస్ స్లైడ్‌కూ హద్దులు పెట్టారు. 2024లో మేజర్ లీగ్ తన అంపైర్లకు ఇంకో మాట చెప్పింది: బంతి లేకుండా బేస్ మూసే ఫీల్డర్‌ను ఇక చూసీచూడనట్టు వదలొద్దు.